కుంట నీటికి మాడలేదు, సుడిదోమకు ఎండింది

ప్రశ్న: మా ఊరి మురుగునీటి శుద్ధి కుంటల నుంచి వదిలే నీటిని రెండెకరాల సాంబ మసూరి వరికి పారిస్తున్నాను. ఇప్పటికి ఎనిమిది తడులు ఇచ్చాను. ఎకరాకు రెండున్నర బస్తాల యూరియా కూడా వేశాను. పైరు నల్లగా, ఏపుగా ఎదిగింది. తీరా పాలు పోసుకునే దశలో మడి నడుమ గుండ్రంగా ఎండిపోతోంది. కుంట నీటిలోని రసాయనాలకే మాడిందని ఊళ్లో అంటున్నారు. దుకాణంలో ఇచ్చిన సైపర్‌మెత్రిన్ రెండుసార్లు కొట్టినా ఆగలేదు. ఏం చేయాలి?
– ఒక రైతు, సంగారెడ్డి జిల్లా

జవాబు: రసాయనాలకు మాడితే నీరు దిగే మడవ దగ్గర ముందు మాడాలి. ఉప్పు ఎక్కువైతే ఆకు కొసలు ఎండుతాయి. నడిమడిలో సుడులు సుడులుగా ఎండటం సుడిదోమ పని. ఒక్కసారి వంగి దుబ్బు మొదలు చూడండి, గోధుమరంగు దోమలు గుంపులుగా కనిపిస్తాయి.

ముందు మడిలో నీరు తీసేసి ఆరబెట్టండి. ప్రతి రెండు మీటర్లకు 20 సెం.మీ. పాయలు తీయండి. దుబ్బుకు 20–25 దోమలకు మించి ఉంటే పైమెట్రోజిన్ లీటరుకు 0.6 గ్రా., అంటే ఎకరాకు 120 గ్రా., లేదా డైనోటెఫ్యూరాన్ లీటరుకు 0.4 గ్రా., అంటే ఎకరాకు 80 గ్రా. పిచికారీ చేయండి. రెంటిలో ఒకటే, కలపవద్దు. ఎకరాకు 200 లీటర్ల నీటితో దుబ్బుల మొదళ్లు తడవాలి. పైపైన ఆకుల మీద కొడితే మందు దండగ. కోతకు మూడు వారాల లోపు కొట్టకూడదు. పంపు కడిగిన నీటిని మడికి నీరొచ్చే కాలువలో పోయవద్దు.

సైపర్‌మెత్రిన్ సంగతి గట్టిగానే చెప్పాలి. ఈ జాతి మందులు దోమను తినే సాలీళ్లను, మిరిడ్ నల్లులను చంపి దోమను పెంచుతాయి. వరి పాలు పోసుకునే వేళ అమ్మే మనిషికి ఈ సంగతి తెలియకపోవడం క్షమించరానిది. దుబ్బు చూడకుండా సీసా చేతిలో పెట్టేవారి మాట వినకండి. ఆ రెండు పిచికారీల డబ్బు మీరు పోగొట్టుకున్నారు, దోమకు మేలు చేశారు.

అసలు కారణం నీటిలో లేదా అంటే, ఉంది. విషంగా కాదు, ఎరువుగా. ఇలాంటి కుంటలు మలినాలను, సూక్ష్మజీవులను బాగా తగ్గిస్తాయి కాని నత్రజనిని పూర్తిగా తీయవు. ఆ నీటిలో లీటరుకు 20–30 మి.గ్రా. మిగలడం మామూలే. 30 అనుకుందాం. ఎకరంలో సెంటీమీటరు లోతు నీరంటే 40 వేల లీటర్లు, అందులో 1.2 కిలోల నత్రజని. ఐదు సెంటీమీటర్ల చొప్పున మీ ఎనిమిది తడులకు 48 కిలోలు. వరికి మేము మొత్తంగా చెప్పేదే ఎకరాకు 40–48 కిలోలు! కొంత గాలిలో కలిసిపోయి సగమే అందిందనుకున్నా, మీ యూరియాలోని 52 కిలోలు దాని మీద పడ్డాయి. అంత నలుపు తిరిగిన పైరు సుడిదోమకు విందు. ఏపుగా ఉందని మురిసిపోయిన రోజే యూరియా ఆపాల్సింది.

వచ్చే పంటకు ముందు నీటి పరీక్ష చేయించండి. మట్టి పరీక్ష చేయించే రైతులు కూడా నీటిని పట్టించుకోకపోవడం నన్ను ఏళ్లుగా బాధిస్తోంది. కాలువ నడుమ నుంచి శుభ్రమైన లీటరు సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి, నిండా పట్టి, అదే రోజు ప్రయోగశాలకు ఇవ్వండి. నత్రజని, లవణ సాంద్రత, శేష సోడియం కార్బొనేటు చూడమనండి. చివరిది 2.5 దాటితే ఆ నీరు నేలను చౌడు చేస్తుంది. ఫలితం చూశాకే యూరియా లెక్క. సాంబ మసూరికి బదులు దోమను కొంత తట్టుకునే ఎం.టి.యు. 1010 వేయండి.

ఆ నీటితో పచ్చిగా తినే కొత్తిమీర, ముల్లంగి పండించవద్దు. గడ్డి పెంచితే కోతకు రెండు వారాల ముందే నీరు ఆపండి. మడిలోకి బూట్లు లేకుండా దిగవద్దు, కొంకిపురుగు పాదాల నుంచే ఎక్కుతుంది. దగ్గర్లో తాగునీటి బావి ఉంటే దానికీ ఒక సీసా పట్టండి. నైట్రేటు లీటరుకు 45 మి.గ్రా. మించితే ఆ నీటితో పసిపిల్లలకు పాలు కలపవద్దు. కాచినా నైట్రేటు పోదు.