ఊదా రంగు రోడ్డు ఆయనకెక్కడ కనిపించింది?

ప్రశ్న: బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ వేసిన రుతువుల బొమ్మలంటే నాకు పిచ్చి. ఊదా రంగు రోడ్లు, గులాబీ కాండాలు, నారింజ దుంగలు చూసినప్పుడల్లా బ్రష్ పట్టుకోవాలనిపిస్తుంది. తీరా వేశాక నా చెట్టు ఆయన చెట్టుకు కాపీలా ఉంటుంది, రంగులేమో కళ్లలో గుచ్చుకుంటాయి. కాపీ కొట్టకుండా స్ఫూర్తి పొందడం ఎలా?

జవాబు: కాపీ గురించి టెన్షన్ పడకండి, నేర్చుకునే రోజుల్లో అందరం కొట్టాం. కాకపోతే మీరు ఆయన బొమ్మలోంచి నేరుగా రంగు తీసుకుంటున్నారు. ఆయన ఆ రంగు కోసం ఒకే దారికి మళ్లీ మళ్లీ వెళ్లారు.

ఇంగ్లండ్‌లోని ఈస్ట్ యార్క్‌షైర్‌లో వోల్డ్‌గేట్ అనే దారి ఉంది. 2011లో అక్కడ వసంతం రావడాన్ని జనవరి నుంచే పట్టుకుని ఐప్యాడ్ మీద 51 బొమ్మలు వేశారు, వాటితోపాటు 32 కాన్వాసులు కలిపి ఒక పెద్ద ఆయిల్ పెయింటింగ్ కూడా. ఆ ఐప్యాడ్ బొమ్మల్ని వేరు చేసి చెప్పే పేరు వట్టి తేదీయే. (పెద్ద సైజు ప్రింట్లలో అవి నాకు కాస్త ప్లాస్టిక్‌లా అనిపిస్తాయి, అది నా గోల.) అంతకుముందు 2007-08లో యార్క్‌షైర్‌లోనే థిక్సెన్‌డేల్ అనే ఊరి దగ్గర మూడే మూడు చెట్లని నాలుగు కాలాల్లోనూ వేశారు.

ఇక ఆ ఊదా రోడ్డు సంగతి. ఒక బూడిద రంగు కాగితాన్ని రెండు ముక్కలు చేసి ఒకటి నారింజ కాగితం మీద, ఇంకోటి నీలం కాగితం మీద పెట్టి చూడండి, మొదటిది నీలం వైపు జరిగినట్టు, రెండోది కాస్త వెచ్చబడినట్టు కనిపిస్తుంది. రాలిన నారింజ ఆకుల మధ్య రోడ్డుకీ అదే జరుగుతుంది, తడిగా ఉంటే ఆకాశం కూడా అందులో పడుతుంది. కంటికి లీలగా తోచిన ఆ ఊదాని హాక్నీ పదింతలు చేసి పెడతారు, అంతేగానీ గాల్లోంచి తెచ్చింది కాదు. మీరు ఆ పదింతల్నే తెచ్చుకున్నారు, దాని వెనకున్న ఒక వంతుని చూడలేదు, అందుకే గుచ్చుకుంటోంది.

ఒక చెట్టు ఎంచుకోండి, నిలబడే చోటు మార్చకండి, వారానికోసారి చిన్న కాగితం మీద అరగంటలో అయ్యేంత వేసి కింద తేదీ రాయండి. వీలైతే ఆకులు రాలిన కాలంలోనే మొదలుపెట్టండి, కొమ్మ ఎక్కడ చీలిందో అప్పుడు చూసుంటే చిగుళ్లొచ్చాక చెట్టు ఉత్త ఆకుపచ్చ ముద్దలా రాదు. వేసే ముందు కనిపించిన రంగుల్ని ‘ఆకుపచ్చ’ అనే మాట వాడకుండా రాసుకోండి. చిలకపచ్చ, నాచురంగు, ఎండిన గడ్డి రంగు, ఏదైనా సరే. మన భాషలో పచ్చ అంటే పసుపూ అవుతుంది, ఆకుపచ్చా అవుతుంది కదా, లేత చిగురు ముందు నిలబడితే ఆ గందరగోళమే నిజమనిపిస్తుంది.

ప్రశ్న: నాలుగు వారాలు చూసినా అదే చెట్టు, అదే రంగు. ఏం వేయను?

జవాబు: గంట మార్చి చూడండి. పొద్దున వెళ్తుంటే సాయంత్రం వెళ్లండి, నీడ రంగు నుంచి మొదలుపెట్టండి. 2020 వసంతంలో హాక్నీ ఫ్రాన్స్‌లోని నార్మండీలో తన ఇంటి చుట్టుపక్కలే తిరుగుతూ 116 బొమ్మలు వేశారు. మీవి ఇంకా నాలుగే.