పచ్చడి డబ్బా మూత డిజైన్ గురించి అమ్మలూకి పెదనాన్న రాసేది

అమ్మలూ,

నువ్వు పంపిన డ్రాయింగ్ చూశానమ్మా. 10 కేజీల పచ్చడి డబ్బా, 12 సెంటీమీటర్ల మూత, చుట్టూ సన్న గీతలు, పైన లోగో. చూడ్డానికి బావుంది, కానీ ఇంట్లో వాడేవాళ్ళకి ఆ మూత తియ్యడం కష్టం. ఫోన్లో చెప్తే సగం గాలికి పోతుందని రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు ఆ మూత ఎవరు తీస్తారో అనుకో. అరవై దాటిన ఆవిడ, బొటనవేలి కీలు నొప్పి, చేతికి నువ్వుల నూనె, వంటింట్లో కింద కూర్చుని డబ్బా మోకాళ్ళ మధ్య ఇరికించుకుంటుంది. మూత పెద్దదైతే తిప్పడం తేలికని కాలేజీలో చెప్పే ఉంటారు, అది లెక్క ప్రకారం నిజమే, కానీ చెయ్యి చుట్టూ పట్టాలి కదా! 7, 8 సెంటీమీటర్ల దాకా చెయ్యి బాగా పడుతుంది, అది దాటాక వేళ్ళు విచ్చుకుపోయి కొసలతోనే పట్టుకోవాలి, అప్పుడు బలమంతా పోతుంది. కాబట్టి పెద్ద మూతని పిసికి పట్టుకునేలా కాదు, వేళ్ళు ఆనించి పక్కకి నెట్టేలా చెయ్యాలి. నేను చెప్పదల్చుకున్నదాంట్లో ఇది ముఖ్యం.

అందుకే ఆ సన్న గీతలు తీసెయ్. వాటిల్లోకి నూనె, ఆవపిండి చేరి నాలుగు రోజుల్లో నున్నగా అయిపోతాయి. వాటి బదులు ఎనిమిది పెద్ద గడ్డలు పెట్టు, మధ్య పల్లంలో వేలు పూర్తిగా కూర్చోవాలి, లోతు 4, 5 మిల్లీమీటర్లు ఉండాలి, అంచులు గుండ్రంగా ఉండాలి లేకపోతే నొప్పి వేళ్ళకి గుచ్చుకుంటాయి. గడ్డల్ని లోపల బోలుగా ఉంచు. మందంగా పోస్తే పాలీప్రొపిలీన్, అదే నీ మూత ప్లాస్టిక్, చల్లారేటప్పుడు అక్కడ ఎక్కువ ముడుచుకుంటుంది. ఆ మెటీరియల్ మామూలుగానే 1.5 నుంచి 2 శాతం ముడుచుకుంటుంది, అంటే నీ మూతకి సుమారు రెండు మిల్లీమీటర్లు, అది అన్నివైపులా సమానంగా ముడుచుకోకపోతే మూత కోడిగుడ్డు షేపు వచ్చేసి మరలు ఒకచోట పట్టేసి ఇంకోచోట వదిలేస్తాయి. ఇలాంటి మూతకి ఎంత మంచి పట్టు ఇచ్చినా లాభం లేదు.

ఇప్పుడు బిగింపు సంగతి. మీ ఓనరు గారు "అమెరికా కొరియర్లో వెళ్ళాలి, నూనె కారకూడదు, గట్టిగా ఉండాలి" అన్నారని రాశావు కదా, న్యాయమే, కానీ కొరియర్లో కారకుండా చూసేది ఫాయిల్ సీలు, మూత కాదు. డబ్బా మూతి మీద ఇండక్షన్ సీలు, అంటే వేడితో అతుక్కునే ఫాయిల్, వేస్తే దారంతా అదే కాపాడుతుంది, ఫాయిల్ చింపాక మూత చెయ్యాల్సింది వంటింటి పనే. దానికి లోపల పలచని పెదవి ఒకటి పెట్టు, డబ్బా మూతి లోపలి గోడకి ఒరుసుకుంటూ దిగేలా. అది పక్కనుంచి ఆనుకుని సీల్ చేస్తుంది కాబట్టి పై నుంచి అదిమి బిగించక్కర్లేదు. మూత లోపల పెట్టే మెత్తటి ఫోమ్ బిళ్ళ (వ్యాడ్) ఒక్కదాన్నే నమ్ముకుంటే అది కొన్నాళ్ళకి అణిగిపోతుంది, నూనె కారుతోందని ఇంట్లోవాళ్ళు ఇంకా గట్టిగా బిగిస్తారు, మర్నాడు మూత రాదు, తలుపు సందులో పెట్టి తిప్పుతారు, లేదా కత్తి మొన దూరుస్తారు, చేతులు తెగుతాయి.

మరల విషయం కూడా మార్చాలి. నువ్వు ఒకే మర, 5 మిల్లీమీటర్ల పిచ్ (ఒక చుట్టుకి మూత అంత లేస్తుంది), రెండు చుట్లు ఇచ్చావు. మణికట్టు ఒక్కసారికి పావు చుట్టు తిరగడమే ఎక్కువ, అంటే ఆవిడ ఎనిమిదిసార్లు చెయ్యి మార్చుకోవాలి. నాలుగు మరలు పక్కపక్కనే మొదలయ్యేలా ఇవ్వు, అప్పుడు ఒక చుట్టుకి 20 మిల్లీమీటర్లు లేస్తుంది, సగం చుట్టుకే మూత చేతిలోకొస్తుంది. ఏటవాలు ఎక్కువై దానంతటదే ఊడిపోతుందని భయపడకు. 12 సెంటీమీటర్ల మూతకి చుట్టుకొలత దాదాపు 377 మిల్లీమీటర్లు, దాని మీద 20 అంటే వాలు మూడు డిగ్రీలే, నూనె తగిలినా జారదు. చిన్న సీసా మూతకి ఇదే చేస్తే వాలు బాగా పెరిగి వదులైపోతుంది, పెద్ద మూతకే ఈ వెసులుబాటు. ఇంకో లాభం, నాలుగు వైపులా ఒకేసారి పట్టుకుంటుంది కాబట్టి వంకరగా ఎక్కడం తగ్గుతుంది. మరల అంచులు గుండ్రంగా చేసి మధ్యమధ్యలో తెంపులు ఇస్తే ఉప్పు గడ్డకట్టి పట్టెయ్యదు.

పట్టు కోసం పైన రబ్బరు పూత వేద్దామన్నావు. సామ్ ఫార్బర్ గారు కీళ్ళనొప్పులున్న తన భార్య కోసం ఆలోచించి 1990లో ఆక్సో అనే కంపెనీ పేరుతో వంటింటి పనిముట్లు తెచ్చినప్పుడు మెత్తటి రబ్బరు పిడే వాటికి పేరు తెచ్చింది, నీకు తెలిసే ఉంటుంది. కానీ అది కూరలు చెక్కుకునే పీలర్, సింకులో కడిగేస్తారు. పచ్చడి డబ్బా నెలల తరబడి నూనెలోనే మగ్గుతుంది, చవకగా దొరికే మెత్తటి రబ్బర్లు చాలామటుకు నూనె పీల్చి ఉబ్బి జిగురుగా అయిపోతాయి, పసుపు మరకలు సరేసరి. వద్దు. ఆ డబ్బులు డబ్బా మీద పెట్టు. మూత తిప్పితే డబ్బా కూడా తిరిగిపోతే ఏం లాభం? గుండ్రటి బాడీకి రెండు వైపులా చదును ఇవ్వు, మోకాళ్ళ మధ్య ఆగుతుంది. ఈ చిన్న మార్పు చాలామంది చెయ్యరు, నాకు దాని మీదే బాధ.

టెస్టింగ్‌కి ఖరీదైన మెషీన్ అక్కర్లేదు. మూతకి చెక్కపట్టీ బిగించి మధ్య నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో స్ప్రింగ్ త్రాసు తగిలించి అడ్డంగా లాగు. ఒక కేజీ చూపిస్తే తిప్పే బలం దాదాపు 2 న్యూటన్ మీటర్లు, నా లెక్కలో అంతకి మించకూడదు. కొత్త మూత మీద కాదు సుమా, ఆవకాయ నింపి, మరలకి ఉప్పూ నూనె అంటించి, మే నెల ఎండలో కొన్ని వారాలుంచి అప్పుడు చూడు. ఆ తర్వాత మీ అమ్మమ్మ చేతికివ్వు, నూనె చేత్తోనే తియ్యమను, నువ్వు సాయం పట్టకు. హైదరాబాద్ చర్లపల్లిలో ఉన్న ప్లాస్టిక్స్ సంస్థ సిపెట్‌లో ఎవరైనా తెలిసినవాళ్ళుంటే మెటీరియల్ టెస్ట్ కూడా చేయించు, తిండికి తగిలే పాలీప్రొపిలీన్‌కి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 10910 ప్రకారం అడుగు.

మోల్డ్ (మూత పోసే స్టీల్ అచ్చు) కట్ చేసేటప్పుడు గడ్డల ఎత్తు ముందు కాస్త తక్కువే పెట్టమను. ట్రయల్ చూశాక స్టీల్ ఇంకాస్త తొలిచి గడ్డ పెంచొచ్చు, తొలిచేసిన స్టీల్ మళ్ళీ నింపాలంటే వెల్డింగూ, పాలిషూ, నెల ఆలస్యం. ఆ మార్పులు వేసి డ్రాయింగ్ మళ్ళీ పంపు, అచ్చు తయారుచేసే టూల్ రూమ్‌కి ఇచ్చేముందు నేను ఒకసారి చూస్తా.

మీ పెదనాన్న