బీరువాలో పులిసిన వాసన, బాబు చదువు

ప్రశ్న: మేం ఆమదాలవలసలో ఉంటాం. నేను అంగన్‌వాడీ టీచర్ని. మా బాబు శ్రీకాకుళంలో బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్. వాడు పుట్టకముందు టీవీలో వచ్చిన కార్టూన్లంటే వాడికి ప్రాణం. రెండేళ్ల కిందట హైదరాబాద్‌లో మా తమ్ముడింటికి వెళ్లి, పాత కాగితాల షాపులో ఒక కట్ట కొనుక్కొచ్చాడు. అందులో పెన్సిల్ బొమ్మలు, ఏవో గళ్ల కాగితాలు, రంగులేసిన పదకొండు ప్లాస్టిక్ షీట్లు ఉన్నాయి. కవర్లో చుట్టి బీరువాలో నా పట్టుచీరల కింద పెట్టాడు. ఇప్పుడేమో 'ఇలాంటివి కాపాడటమే నా ఉద్యోగం' అంటున్నాడు. మా ఆడపడుచు భర్త విశాఖలో యానిమేషన్ కోర్సులో చేర్చమంటున్నారు, ఫీజు రెండు లక్షల ఎనభై వేలు. మా ఆయన బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు. మా గుంటడు అడిగే ఉద్యోగం అసలు ఉంటుందా? ఇంకోమాట, ఈ మధ్య బీరువా తలుపు తీస్తే పులిసిన వాసన వస్తోంది.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఉద్యోగం సంగతి కాసేపాగి మాట్లాడుకుందాం. ముందు ఆ వాసన సంగతి చూడాలి. మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పుట్టించింది ఆ చివరి వాక్యమే.

ఆ ప్లాస్టిక్ షీట్లను సెల్స్ అంటారు. కంప్యూటర్లు రాకముందు కార్టూన్లన్నీ వాటి మీదే తయారయ్యేవి. కాగితం మీద పెన్సిల్‌తో గీసిన బొమ్మను అద్దంలాంటి షీటు మీదికి ఎక్కించి, ముందు వైపు గీతలు, వెనక వైపు రంగులు వేసేవారు. దాన్ని బ్యాక్‌గ్రౌండ్ పెయింటింగ్ మీద పరిచి, పైనుంచి కెమెరాతో ఒక్కో ఫ్రేమూ ఫొటో తీసేవారు. ఆ షీట్లలో ఎక్కువ భాగం సెల్యులోజ్ ఎసిటేట్‌తో చేసినవే. దానికి తేమ తగిలితే మెల్లమెల్లగా విడిపోయి ఎసిటిక్ యాసిడ్ బయటికి వస్తుంది. వెనిగర్‌లో ఉండేది అదే. మీకు తగిలిన వాసన దాదాపుగా అదే అయ్యుంటుంది. అబ్బాయితో 'ఎస్టర్ హైడ్రాలిసిస్' అనండి చాలు, మిగతాది తనే చెబుతాడు. బయటికొచ్చిన యాసిడ్ అక్కడే పోగుపడితే ఆ పాడవడం ఇంకా జోరందుకుంటుంది, పక్క షీట్లకూ పాకుతుంది. దీన్ని వెనిగర్ సిండ్రోమ్ అంటారు. అమెరికాలో రోచెస్టర్‌లో ఉన్న ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ లెక్క ప్రకారం 21 డిగ్రీల వేడిలో, 50 శాతం తేమలో ఉంచిన కొత్త ఎసిటేట్ ఫిల్ముకు ఈ జబ్బు మొదలవడానికి సుమారు 40 ఏళ్లు పడుతుంది. మన మే నెల ఎండలూ, వానాకాలం ఉక్కా ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఇక్కడ అన్నేళ్లు ఆగవు.

అందుకని ఈ రోజే ఆ కట్టను బీరువాలోంచి తీయించండి. ప్లాస్టిక్ కవర్ విప్పేయమనండి. వాసన వస్తున్న షీట్లను వేరు చేసి, మిగతావాటికి దూరంగా, గాలాడే అట్టపెట్టెలో ఉంచాలి. ఇంట్లో అన్నిటికంటే చల్లగా, పొడిగా ఉండే గదిలో, బయటి గోడకు ఆనించకుండా పెట్టాలి. షీటును అంచులు పట్టుకునే తీయాలి, రంగున్న వైపు వేలు తగలకూడదు. రంగు పెచ్చులు లేస్తుంటే సెల్లోటేపు, ఫెవికాల్ జోలికి పోవద్దు, చేత్తో నొక్కొద్దు కూడా. కలరా ఉండలు వేయొద్దు. ఫ్రిజ్‌లో పెడదామనిపిస్తుంది, అదీ వద్దు, బయటికి తీసినప్పుడు చెమ్మ పడుతుంది. ఏదీ కదపకముందే ఉన్నది ఉన్నట్టు రెండు వైపులా ఫోన్‌తో ఫొటోలు తీయమనండి.

కవర్ గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉందమ్మా. మా నాన్న స్నేహితుడొకాయన విజయనగరంలో సినిమా హాళ్లకు గాజు స్లైడ్లు రాసేవారు. బట్టల కొట్ల ప్రకటనలు, 'పొగ త్రాగరాదు' లాంటివి, ఇంటర్వెల్‌లో తెర మీద పడేవి. ఆయన పోయాక ఆ స్లైడ్ల పెట్టె నా దగ్గరికొచ్చింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వస్తుందన్నప్పుడు వాన తగలకూడదని వాటిని పాలిథిన్ కవర్లో బిగించి కట్టి అటక మీద పెట్టాను. వాన చుక్క కూడా లోపలికి పోలేదు. కానీ కవర్ విప్పడం మర్చిపోయాను. ఆ మరుసటి వేసవిలో తీసి చూస్తే, లోపల చిక్కుకున్న చెమ్మకు రంగంతా మెత్తబడి కవర్‌కు అంటుకుపోయింది. గాజు పలకలు ఖాళీ అయిపోయాయి. ఆయన చేతిరాత పాలిథిన్ మీద తిరగేసిన అక్షరాలుగా కనిపించింది. ఆ పని చేసింది నేనే, మంచి చేద్దామనే చేశాను. ఏ రంగు ఏ బంకతో కలిపారో, అది దేన్ని తట్టుకుంటుందో తెలియకపోతే ప్రేమ ఒక్కటే ఉండి లాభం లేదని నాకు ఆ రోజు తెలిసింది.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. ఉందమ్మా. కాకపోతే 'కార్టూన్లు కాపాడే ఉద్యోగం' అని ఏ నోటిఫికేషన్‌లోనూ కనపడదు. పాత వస్తువులు పాడవకుండా చూసే కన్జర్వేటర్, పాత రికార్డులు భద్రపరిచే ఆర్కివిస్ట్ అనే పేర్లతో ఉంటుంది. అబ్బాయి ఇష్టం కార్టూన్ మీద ఉండొచ్చు, చేతికి రావలసిన పని మాత్రం ప్లాస్టిక్, కాగితం, రంగు, ఫిల్ము, వాటి మీద కెమిస్ట్రీ. అందుకే యానిమేషన్ కోర్సు వద్దంటున్నాను. అక్కడ ఈ రోజు సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ ఎలా కదపాలో నేర్పుతారు. పాత బొమ్మ ఎందుకు పెచ్చులు లేస్తోందో నేర్పరు. ఆ రెండు లక్షల ఎనభై వేలు దాచి ఉంచండి, వేరే చోట పనికొస్తాయి. మీ అబ్బాయి చేతిలో ఉన్న బీఎస్సీ కెమిస్ట్రీయే దీనికి సరైన పునాది.

ఈ పనిలో కెమిస్ట్రీ ఎంత ఉందో ఒక ఉదాహరణ చెబుతాను. డిస్నీ స్టూడియో తన పాత బొమ్మల్ని దాచుకునే లైబ్రరీ ఒకటి ఉంది. ఆ లైబ్రరీ, లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ కన్జర్వేషన్ ఇన్‌స్టిట్యూట్ కలిసి 2009 నుంచి సెల్స్ మీద పరిశోధన చేశాయి. షీటు నుంచి లేచిపోతున్న రంగును జిగురేమీ పూయకుండా, చుట్టూ గాలిలో తేమను జాగ్రత్తగా, కొలతతో పెంచి, తిరిగి అతుక్కునేలా చేయవచ్చని చూపించాయి. తేమ షీటును తినేస్తుంది, అదే తేమ రంగును అతికిస్తుంది. ఎంత, ఎన్నాళ్లు అన్నది తేల్చేది ల్యాబ్. యాసిడ్ పెరిగే కొద్దీ నీలం నుంచి ఆకుపచ్చకు, తర్వాత పసుపుకు మారే చిన్న కాగితపు ముక్కల్ని పెట్టెల్లో ఉంచి, ఏ షీటు జబ్బు ఎంతవరకు వచ్చిందో చూస్తారు. కాలేజీ ల్యాబులో రంగు మారడం చూసి యాసిడ్ కొలిచే టైట్రేషన్ చేసిన కుర్రాడికి ఇది కొత్త భాష కాదు.

సినిమా బొమ్మలు కొన్నయినా గ్యాలరీలకు చేరాయి. డిస్నీ సెల్స్‌ను 1938 నుంచే ఒక గ్యాలరీ అమ్మింది. టీవీ వాటికి ఆ గౌరవం దక్కలేదు. వారం వారం ఎపిసోడ్ ఇవ్వాలి, డబ్బు తక్కువ. ఇరవై రెండు నిమిషాల ఎపిసోడ్‌కు సెకనుకు 24 చొప్పున 31,680 ఫ్రేములు కావాలి. అందుకే 1957లో మొదలైన హన్నా-బార్బెరా లాంటి స్టూడియోలు ఒక్కో బొమ్మను పదేపదే వాడుకుంటూ, మాట్లాడేటప్పుడు నోరు మాత్రమే కదిలేలా పద్ధతులు కనిపెట్టాయి. షూటింగ్ అయ్యాక ఆ గుట్టలతో ఏం పని? చోటు దండగ అనుకున్నవాళ్లు పారేశారు, కొందరు షీట్లు కడిగి మళ్లీ వాడుకున్నారు. 2002లో అమెరికా టీవీ కార్టూన్ సింప్సన్స్ కంప్యూటర్ రంగులకు మారింది. జపాన్‌లో 2013 దాకా సెల్స్ మీద నడిచిన సజాయె-సాన్ అనే టీవీ కార్టూన్ కూడా ఆ ఏడాదితో మానేసింది. ఇక కొత్తవి పుట్టవు, ఉన్నవే ఉన్నాయి. మన దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ ఫిల్మ్స్ డివిజన్‌లో కార్టూన్ విభాగం 1956లో మొదలైంది. 1990ల్లో హైదరాబాద్, చెన్నై, ముంబైలలో విదేశీ టీవీ కార్టూన్లకు బొమ్మలు గీసిపెట్టిన స్టూడియోలు ఉండేవి. మీ అబ్బాయికి దొరికిన కట్ట అలాంటి చోటు నుంచి వచ్చి ఉండొచ్చు.

దారి ఇలా చూడండి. నోయిడాలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ ఉంది, పూర్వం ఢిల్లీలో నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్ అనేవారు. అక్కడ కన్జర్వేషన్‌లో ఎంఏ ఉంది. ఆ నోటిఫికేషన్ పడిన రోజే అర్హతలు చదివి అప్లై చేయించండి, నా మొదటి ఓటు దానికే. సీటు రాకపోతే ఏడాది ఖాళీగా కూర్చోకూడదు, ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేయాలి. కేంద్ర పురావస్తు శాఖ ఆర్కియలాజికల్ సర్వేకు డెహ్రాడూన్ కేంద్రంగా సైన్స్ విభాగం ఉంది. అక్కడి కెమిస్ట్ ఉద్యోగాలకు ఆ ఎమ్మెస్సీయే కావాలి. ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్ నడిపే స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్‌లో కాగితాల మరమ్మతు, పుస్తకాల సంరక్షణ మీద కొన్ని వారాల కోర్సులు ఉంటాయి. సెలవుల్లో ఒకటి చేయొచ్చు. ముంబైలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ 2015 నుంచి ఫిల్ము సంరక్షణ మీద వర్క్‌షాపులు పెడుతోంది, 2019లో హైదరాబాద్‌లో కూడా పెట్టింది. ఈ రంగంలో పనిచేసేవాళ్లంతా ఒకేచోట కనిపించేది అక్కడే. విదేశీ చదువు గురించి ఇప్పుడే ఆలోచించొద్దు.

డబ్బు గురించి దాచకుండా చెబుతాను. మొదటి నాలుగైదేళ్లు ప్రాజెక్టు ఉద్యోగాలే ఎక్కువ. ఒక మ్యూజియంలో ఏడాది, ఒక ఆర్కైవ్‌లో రెండేళ్లు, అలా. పర్మనెంటు పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఆలస్యం. చేరిన మొదటి రోజే కార్టూన్లు చేతికివ్వరు. తాళపత్రాలు ఇస్తారు, చెదలు తిన్న రిజిస్టర్లు ఇస్తారు. వాటి మీద ఓపిక లేకపోతే ఈ పని వద్దు. మీ ఆయన భయం తప్పేం కాదు, బీఈడీ తలుపు తర్వాతైనా తెరిచే ఉంటుందని చెప్పండి. రెండేళ్లు గడువు పెట్టుకోండి. ఈలోపు కోర్సులో సీటో, ఎమ్మెస్సీలో చేరికో జరగాలి. ఆ మాట తండ్రీకొడుకులిద్దరూ ముందే అనుకుంటే తర్వాత గొడవలుండవు.

ఓపిక ఉందో లేదో తేల్చుకోవడానికి ఢిల్లీ దాకా వెళ్లక్కర్లేదు. శ్రీకాకుళంలో కథానిలయం ఉంది కదా. లెక్కల మాస్టారుగా రిటైరైన కాళీపట్నం రామారావు గారు, తనకు సాహిత్య అకాడమీ ఇచ్చిన అవార్డు డబ్బుతో మొదలుపెట్టి, 1997లో దాన్ని నిలబెట్టారు. తెలుగు కథ ఏ పత్రికలో ఏ సంచికలో వచ్చిందో వెతికి, పాత పత్రికలు ఊరూరా అడిగి తెచ్చి దాచారు. జనం తూకానికి అమ్మేసే కాగితాలే అవి. అబ్బాయిని పది ఆదివారాలు అక్కడికి వెళ్లమనండి. ఏదైనా పని ఇవ్వమని మర్యాదగా అడగమనండి. దుమ్ము దులిపి, పేజీలు లెక్కపెట్టి, వివరాలు రాసే పని పదో ఆదివారం కూడా నచ్చితే నాకు ఉత్తరం రాయమనండి.

ఒక హెచ్చరిక కూడా ఉంది. ఆ షీట్లు కొన్నంత మాత్రాన వాటి మీది బొమ్మల హక్కులు మనవి కావు. స్కాన్ చేసి పోస్టర్లు అచ్చేసి అమ్మితే కేసవుతుంది. దాచుకోవచ్చు, చదువుకోవచ్చు.

చివరగా ఆ గళ్ల కాగితాలు. మీరు 'ఏవో' అన్నారు గానీ, నాకైతే ఆ కట్టలో అన్నిటికన్నా విలువైనవి అవే. వాటిని ఎక్స్‌పోజర్ షీట్లంటారు. ఒక్కో అడ్డగీత ఒక్కో ఫ్రేము, 24 గీతలైతే సెకను. ఏ గీత దగ్గర ఏ బొమ్మ పెట్టాలి, ఏ అక్షరానికి నోరు ఎంత తెరవాలి, కెమెరా ఎటు జరగాలి, అన్నీ అందులో రాసి ఉంటాయి. సెల్ చూస్తే బొమ్మ తెలుస్తుంది, ఈ కాగితం చూస్తే ఆ బొమ్మను కదిలించినవాళ్ల ఆలోచన తెలుస్తుంది. పెన్సిల్ బొమ్మల వరుస నంబర్లను ఈ గళ్లతో సరిచూసి ఒక నోట్‌బుక్కులో రాయడం మొదలుపెట్టమనండి. ఈ షీట్ల పైభాగంలో ఎపిసోడ్, సీను నంబర్లతో పాటు యానిమేటర్ పేరు రాసే గడి కూడా మామూలుగా ఉంటుంది. అక్కడ పేరు కనిపిస్తే మీ తమ్ముణ్ని హైదరాబాద్‌లో వాకబు చేయమనండి. 1990ల్లో పాతికేళ్ల కుర్రాళ్లుగా రోజంతా లైటు బల్ల ముందు కూర్చున్నవాళ్లకు ఇప్పుడు యాభై దాటి ఉంటాయి. దొరికితే అబ్బాయి ఆ కట్ట తీసుకుని వెళ్లాలి. ఏ రంగు వాడారు, దేంతో కలిపారు, ఒక్కో బొమ్మకు ఎంతిచ్చేవారు, అన్నీ ఫోన్‌లో రికార్డు చేసుకురమ్మనండి.