డిస్కులు పంచడం కూడా ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి సీఎస్‌ఈ చదివి హైదరాబాద్‌లో ఒక కంపెనీలో చేరి ఎనిమిది నెలలైంది. మెయిన్‌ఫ్రేమ్ మీద జెడ్‌వీఎం అడ్మిన్ టీములో వేశారు. ఏం పని అంటే "గెస్టులకు డిస్కులు పంచుతాం" అంటుంది. మెయిన్‌ఫ్రేమ్ పని అయిపోయిందని డల్లాస్‌లో ఉన్న మా మరిది అంటున్నాడు. ఉద్యోగం మాన్పించి డేటా సైన్స్ కోర్సులో చేర్పిద్దామని అడ్వాన్సు కట్టాం. రెండూ పోల్చి చెప్పండి. నేను డ్వాక్రా సంఘం లెక్కలు రాస్తాను, నాకు అర్థమయ్యేలా చెప్పండి. (ఒక తల్లి, తెనాలి)

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో "మాన్పించి" అని ఉంది. మానేస్తానని అమ్మాయి అన్నట్టు ఎక్కడా లేదు. ఆమెను అడిగారా?

ఇదే ప్రశ్న ఒకప్పుడు టెస్టింగ్ గురించి, తర్వాత సపోర్ట్ ప్రాజెక్టుల గురించి అడిగేవారు. అసలు బెంగ వేరే. పేరంటంలో ఎవరైనా "మీ అమ్మాయి ఏం చేస్తోంది?" అంటే చెప్పుకోవడానికి మాట దొరకడం లేదు. ముందు ఆ సంగతి చూద్దాం.

మెయిన్‌ఫ్రేమ్ అంటే పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్. జెడ్‌వీఎం అనేది ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ మీద నడిచే సాఫ్ట్‌వేర్. దాని కింద లినక్స్, జెడ్‌ఓఎస్ లాంటి ఆపరేటింగ్ సిస్టంలు ఎన్నో గెస్టులుగా ఉంటాయి. మెషీన్ మొత్తం తనదేనని ప్రతిదీ అనుకుంటుంది. ఐబీఎం 3390 మోడల్ 3 అనే రకం డిస్కులో 3,339 సిలిండర్లు, అంటే జాగాను కొలిచే ముక్కలు, ఉంటాయి. అందులో ఓ వందో రెండు వందలో వరసగా కోసి ఒక గెస్టుకి ఇస్తే అది మినీడిస్క్. ఒకే సర్వే నంబరు పొలాన్ని అన్నదమ్ములు పంచుకున్నట్టు. ఎవరి వాటా ఎక్కడిదాకా అన్నది యూజర్ డైరెక్టరీలో రాసి ఉంటుంది. దాన్ని చూసి నడిపించేది సీపీ అనే భాగం.

పంచడం వరకు తేలికే. ఒకే మినీడిస్కును ఇద్దరు వాడాలన్నప్పుడే చిక్కు. దానికి లింక్ అనే కమాండు ఉంది. "ఆర్ఆర్" అంటే చదవడానికి మాత్రమే. "ఎం" అంటే ఇంకెవరూ రాయకపోతేనే నాకు రాసే హక్కు. "ఎండబ్ల్యూ" అంటే ఎవరు రాస్తున్నా నేనూ రాస్తాను. ఈ చివరిదే కొంప ముంచేది. మీ సంఘం పుస్తకంలో ఒక పేజీని ఇద్దరు సభ్యులు జెరాక్స్ తీసుకెళ్లి, ఇంట్లో ఎవరికి వారు పద్దులు రాసి, తెచ్చి అదే పేజీ మీద అంటించారనుకోండి. ఎవరి పద్దు మిగులుతుంది? గెస్టులు చేసేదీ అదే. ఫైళ్ల జాబితాను ప్రతి గెస్టూ తన మెమరీలో పెట్టుకుంటుంది, పక్క గెస్టు మార్చిన సంగతి దానికి తెలియదు. సీపీ అడ్డుపడదు, ఎందుకంటే దానికి ఫైళ్లతో పని లేదు. కేవలం చదివే గెస్టుకి కూడా పాత జాబితాయే కనిపించవచ్చు.

అందుకే అందరికీ కావలసిన ప్రోగ్రాములను చదవడానికి మాత్రమే ఇస్తారు. సీఎంఎస్ (జెడ్‌వీఎంతో వచ్చే, మనిషి కూర్చుని కమాండ్లు ఇచ్చే చిన్న సిస్టం) యూజర్లందరూ పంచుకునే 190 నంబరు డిస్కు అలాంటిదే. రెండు జెడ్‌ఓఎస్ గెస్టులూ రాయాల్సి వస్తే డైరెక్టరీలో "ఎండబ్ల్యూవీ" అని పెడతారు. ఆ "వీ" ఉంటే ఒక గెస్టు డిస్కును రిజర్వ్ చేసుకున్నప్పుడు, అది వదిలేదాకా రెండోది ఆగుతుంది. లినక్స్‌లోని మామూలు ఫైల్ సిస్టంలు (డిస్కు మీద ఫైళ్లను సర్దే పద్ధతులు) అలా రిజర్వ్ అడగవు కాబట్టి వాటిని అది కాపాడదు. ఎవరికి ఏ అక్షరం ఇవ్వాలో తేల్చడం మీ అమ్మాయి పని. తప్పు అక్షరం పడితే డేటా పోతుంది.

జెడ్‌వీఎంకి పూర్వరూపమైన వీఎం370 వచ్చింది 1972లో. పాతదే, కాదనను. కానీ అమెజాన్ క్లౌడ్‌లో ఒకే డిస్కును పలు సర్వర్లకు తగిలించే సౌకర్యం ఉంది. మామూలు ఫైల్ సిస్టంతో అలా వాడితే డేటా పాడవుతుందని అక్కడా హెచ్చరిస్తారు. మీ మరిదిగారు క్లౌడ్ మీద పనిచేస్తుంటే ఈ సంగతి ఆయన్నే అడగండి.

ఇక డేటా సైన్స్. ఆ సబ్జెక్టు మీద నాకు చిన్నచూపు లేదు. గణితం, స్టాటిస్టిక్స్ ఇష్టపడి చదివినవాళ్లు అందులో బాగా రాణిస్తారు. నాకు అనుమానమల్లా ఆరు నెలల కోర్సుల మీదే. ముందే శుభ్రం చేసిన డేటా ఇస్తారు, తయారుగా ఉన్న కోడ్ నడిపిస్తారు, దాన్నే ప్రాజెక్టు అని రెజ్యూమెలో రాయిస్తారు. అదే ప్రాజెక్టు, అవే వాక్యాలతో ఉన్న రెజ్యూమెలు ఒకే వారంలో నా బల్ల మీదికి వచ్చిన సందర్భాలున్నాయి. ఉన్న ఉద్యోగం వదిలేసి వచ్చి, ఫ్రెషర్ అని చెప్పుకోలేక, అనుభవం చూపించలేక మధ్యలో ఇరుక్కున్న పిల్లలతో మాట్లాడటం నాకు చాలా కష్టంగా ఉంటుంది. వాళ్లలో ఎక్కువ మందిని పంపింది అమ్మానాన్నలే. కోపం తెచ్చుకోకండి.

పోలిక అడిగారు కాబట్టి మెయిన్‌ఫ్రేమ్ లోటు కూడా చెప్పాలి. జెడ్‌వీఎం ఉద్యోగాలు ఇచ్చే చోట్లు తక్కువ. కంపెనీ మారాలంటే ఆగాల్సి వస్తుంది. అందుకే అమ్మాయి లినక్స్ గట్టిగా నేర్చుకోవాలి, మెయిన్‌ఫ్రేమ్‌లో వాడే రెక్స్ అనే ప్రోగ్రామింగ్ భాషతో పాటు పైథాన్ కూడా రాయాలి. మెయిన్‌ఫ్రేమ్ నేర్పే ఐబీఎం జెడ్ ఎక్స్‌ప్లోర్ అనే ఆన్‌లైన్ శిక్షణ ఉచితమే. రెండేళ్లు నిండాక కూడా డేటా సైన్స్ మీద మనసుంటే సాయంత్రాలు చదువుకోమనండి, జీతం వస్తూనే ఉంటుంది.

ఆ అడ్వాన్సు రసీదు వెనక రీఫండ్ గడువు ఏమైనా రాసి ఉందేమో ఈరోజే చూడండి.