పాటల ముచ్చట: కీబోర్డు లేని ఏడు పాటలు

ప్రశ్న: అన్నా, నేను ఒంగోలులో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఏడాదిగా గిటార్ నేర్చుకుంటున్నా. బ్రిటన్ రాక్ బ్యాండ్ లెడ్ జెప్లిన్ ఆల్బమ్‌లు వరసగా వింటూ వచ్చి 'ప్రెజెన్స్' దగ్గర ఆగిపోయాను. ఏడు పాటలూ ఒకేలా అనిపించాయి. రూమ్మేట్లేమో 'అది వదిలేసి ముందుకు పోరా' అంటున్నారు. మీరు పోయిన నెల అదే నాకు బాగా ఇష్టమని రాశారు. అందులో ఏముంది?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: వదిలేయొద్దు తమ్ముడూ. వాళ్ల స్టూడియో ఆల్బమ్‌లలో కీబోర్డు ముట్టుకోనిది ఇదొక్కటే. గిటార్, బేస్ (మంద్రస్వరాల గిటార్), డ్రమ్స్, గొంతు, ఒకచోట మౌతార్గాన్. నీకు ఒకేలా వినపడటానికి కారణం అదే. నాకు అంత ఇష్టం కావడానికీ అదే.

నెల్లూరు ఆర్కెస్ట్రాల్లో నేను పదిహేనేళ్లు డ్రమ్స్ వాయించాను. ఒకసారి ఆత్మకూరు దగ్గర పెళ్లిలో మూడో పాటకే కీబోర్డు అడాప్టర్ కాలిపోయింది. వైరు కాలిన వాసన, ఆ వెంటనే సౌండ్ పోయింది. రాత్రి తొమ్మిదిన్నరకి ఇంకోటి ఎక్కడ తెస్తాం? ప్రోగ్రాం ఇంకా గంటన్నర ఉంది. మా బేస్ అన్న జనానికి వీపు పెట్టి నా వైపు తిరిగాడు. పెడల్ మీదున్న నా కుడికాలినే చూస్తూ వాయించడం మొదలుపెట్టాడు. అంతవరకూ కీబోర్డు సౌండ్ కింద పరిచి ఉండేది, నేను కిక్ (పెడల్‌తో కొట్టే పెద్ద డ్రమ్) రవ్వంత ముందు కొట్టినా ఎవరికీ తెలిసేది కాదు. ఆ రాత్రి నా తప్పులన్నీ పెళ్లిపందిరి చివరిదాకా వినపడ్డాయి. కానీ మేమిద్దరం సరిగ్గా కలిసినప్పుడు ఆ దెబ్బ కూడా ఎప్పుడూ లేనంత గట్టిగా పడింది. ఇంటికొచ్చాక నిద్రపట్టక, ఎప్పుడో మద్రాసు బర్మా బజారులో కొని పక్కన పడేసిన 'ప్రెజెన్స్' క్యాసెట్ పెట్టాను. ఆ రాత్రే దాన్ని నిజంగా విన్నాను.

అది తయారైన పరిస్థితి కూడా తెలుసుకో. 1975 ఆగస్టులో గ్రీసులోని రోడ్స్ దీవిలో కారు ప్రమాదం జరిగి గాయకుడు రాబర్ట్ ప్లాంట్ బాగా దెబ్బతిన్నాడు. టూర్ ఆగిపోయింది. నవంబరులో జర్మనీలోని మ్యూనిక్‌లో రికార్డింగు పెట్టుకుంటే చక్రాల కుర్చీలో కూర్చునే పాడాడు. వీళ్ల తర్వాత అదే స్టూడియోకి రోలింగ్ స్టోన్స్ బ్యాండ్ రావాలి కాబట్టి టైమ్ లేదు. మూడు వారాల్లోపే మొత్తం ముగించారు. 1976 మార్చి 31న విడుదలైంది. అంతకు ముందు ఏడాదే 15 పాటల 'ఫిజికల్ గ్రాఫిటీ' వచ్చింది, కీబోర్డులూ వయొలిన్లూ అన్నీ ఉన్న నిండు విందు. దాని పక్కన ఇది చాలామందికి బోసిగా కనిపించింది.

మొదటి పాట 'అకిలీస్ లాస్ట్ స్టాండ్' పదిన్నర నిమిషాలు. ఒకసారి గిటార్‌ని పూర్తిగా మర్చిపోయి జాన్ పాల్ జోన్స్ బేస్ ఒక్కటే పట్టుకో. అది ఎనిమిది తీగల బేస్, ప్రతి తీగకీ పక్కన ఒక స్థాయి పైన పలికే ఇంకో తీగ ఉంటుంది. త-కిట త-కిట అని గుర్రం పరిగెత్తినట్టు పాట పొడుగునా అదే నడక. గిటారిస్టు జిమ్మీ పేజ్ దాని మీద గిటార్లన్నీ ఒక్క రాత్రిలో పొరలు పొరలుగా వేశానని చెప్పేవాడు. నువ్వు గిటార్ నేర్చుకునేవాడివి కాబట్టి, ఏ గిటార్ ఎక్కడ లోపలికొచ్చిందో కాగితం మీద రాసుకుంటూ విను. నాకు రెండు నోట్‌బుక్ పేజీలు పట్టింది.

'నోబడీస్ ఫాల్ట్ బట్ మైన్' మూలం బ్లైండ్ విల్లీ జాన్సన్ 1927లో రికార్డు చేసిన భక్తి పాట. జెప్లిన్ చేతిలో అది ఆగి ఆగి కొట్టే పాటయింది. గిటార్ ఒక వరస వాయిస్తుంది, అందరూ టక్కున ఆగుతారు, ఖాళీ. మళ్లీ అందరూ ఒక్కసారే పడతారు. ఆ ఖాళీలో తొడ మీద తాళం వేసి చూడు. నేను ఇప్పటికీ ఒక్కోసారి తొందరపడతాను. వాళ్ల డ్రమ్మర్ జాన్ బోన్‌హామ్ తొందరపడడు.

'టీ ఫర్ వన్' హుషారుగా మొదలై కొద్ది సెకన్లకే నెమ్మదిస్తుంది, ఊరేగింపు ఇంటి గుమ్మం ముందుకొచ్చి ఆగినట్టు. అక్కణ్ణుంచి తొమ్మిది నిమిషాల బ్లూస్, అంటే అమెరికా నల్లజాతివాళ్ల దిగులు పాటల బాణీ. రాత్రి ఒక్కడివే ఉన్నప్పుడు విను. 'క్యాండీ స్టోర్ రాక్' మాత్రం నాకూ పెద్దగా ఎక్కలేదు.

చివరగా 'ఫర్ యువర్ లైఫ్'. బోన్‌హామ్ 1980లో చనిపోయాడు. ఆ పాటని బ్యాండ్ మొదటిసారి స్టేజీ మీద వాయించింది 2007 డిసెంబర్ 10న లండన్‌లో, డ్రమ్స్ మీద ఆయన కొడుకు జేసన్. ఆ కచేరీ రికార్డింగు దొరుకుతుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని కిక్ డ్రమ్ ఒక్కటే విను. ముందు తండ్రిది, తర్వాత కొడుకుది.