టోక్యోలో మొదటి వారం: ముందు గ్యాస్ సంగతి చూసుకో

చిన్నా,

నీకు టోక్యోలో ఉద్యోగం ఖాయమైందని, నిషికసాయ్‌లో గది కూడా మాట్లాడేసుకున్నావని మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పింది. ఏడుస్తోందో నవ్వుతోందో అర్థం కాలేదు. నాకూ అంతే. మన ఇంట్లో ఒక పిల్లాడు సముద్రాలు దాటుతున్నాడని పొంగిపోయాను, వాడికి పాలు పొంగకుండా కాచడం కూడా రాదని వెంటనే గుర్తొచ్చింది.

పాస్‌పోర్టు, వీసా కాగితాల సంగతి మీ ఆఫీసువాళ్లు చూస్తారు. నరితాలో దిగినా హనెదాలో దిగినా రెసిడెన్స్ కార్డు విమానాశ్రయంలోనే చేతికిస్తారు, అది ఎప్పుడూ జేబులో ఉండాలి. ఇంట్లో దిగిన 14 రోజుల్లోగా వార్డు ఆఫీసుకెళ్లి చిరునామా రాయించుకో, కార్డు వెనక అచ్చేసి ఇస్తారు.

ఇక గ్యాస్. మేం టోక్యోలో దిగినప్పుడు చేసిన పాత తప్పు ఇదే, నువ్వు మళ్లీ చేయకు.

అక్కడ కరెంటు, నీళ్లు ముందే చెప్పి పెడితే నువ్వు గదిలో లేకపోయినా వస్తాయి. గ్యాస్ అలా రాదు. గ్యాస్ కంపెనీ మనిషి ఇంటికొచ్చి, నీ ఎదుటే వాల్వు తెరిచి, ఎక్కడా లీకు లేదని చూసి, స్టవ్వూ గీజరూ వెలిగించి చూపించి వెళ్లాలి. అరగంట పని, కానీ నువ్వు ఇంట్లో ఉండి తీరాలి. జపాన్లో కొత్త ఉద్యోగాలు ఏప్రిల్ 1న మొదలవుతాయి కాబట్టి మార్చి నెలాఖరున ఊరు ఊరంతా ఇళ్లు మారుతుంది. దిగాక ఫోన్ చేద్దాంలే అనుకున్నావా, నీ వంతు రోజుల తరబడి రాదు. స్నానాల గదిలో వేడినీళ్లు వచ్చేదీ ఆ గ్యాస్ గీజరు నుంచే. మేం శుక్రవారం రాత్రి దిగాం, ముందు చెప్పుకోలేదు, చన్నీళ్లతో వణికాం. నువ్వు ఇక్కడినుంచే, కనీసం రెండు వారాల ముందు, గది ఇప్పించినవాళ్లతో చెప్పి తేదీ, పూట ఖాయం చేయించుకో. ఆ పూట బయటికి కదలకు.

ఒకవేళ తప్పితే సెంతో ఉంది, వీధి స్నానశాల. మగవాళ్లకి వేరు, ఆడవాళ్లకి వేరు. 2024 ఆగస్టులో టోక్యోలో పెద్దవాళ్లకి 550 యెన్లు చేశారు. బట్టలన్నీ విప్పాలి, ముందు కుళాయి దగ్గర కూర్చుని సబ్బుతో తోముకుని, నురగంతా పోయాకే తొట్టిలో దిగాలి. సిగ్గుపడకు, నిన్ను చూసేవాళ్లెవరూ ఉండరు.

చాలా గదుల్లో స్టవ్వు ఉండదు, మనమే కొనుక్కోవాలి. తక్కువకొస్తోందని పాతది కొనే ముందు స్టవ్వు పక్కన అంటించిన చీటీ చూడు. టోక్యోలో పైపుల్లో వచ్చే గ్యాసుకి 13ఏ అని ఉంటుంది, సిలిండరు గ్యాసుకి ఎల్‌పీ అని ఉంటుంది. ఒకదానికి చేసిన స్టవ్వు ఇంకోదానికి పనికిరాదు. 13ఏ స్టవ్వుని సిలిండరుకి తగిలిస్తే మంట ఎగిసిపడి మసి పడుతుంది, విషవాయువు పుడుతుంది. నీ గదికి ఏ గ్యాసో అడిగి తెలుసుకో, చీటీ చిరిగిపోయినది మాత్రం కొనకు.

ఒరేయ్, భూకంపం సంగతి. చిన్నవి వస్తూనే ఉంటాయి, గిన్నెలు గలగలమంటాయి, ఆగిపోతాయి. వాళ్ల కొలతలో 5 దాకా ఊగితే మీటరు దానంతటదే గ్యాస్ కట్టేస్తుంది. కొత్తవాళ్లు గ్యాస్ పోయిందనుకుని చలిలో కూర్చుంటారు. ముందు వాసన చూడు. గ్యాస్ వాసన వస్తే ఫ్యాన్ స్విచ్చి కూడా ముట్టుకోకుండా కిటికీలు తీసి బయటికి పో. వాసన లేకపోతే స్టవ్వు, గీజరు అన్నీ కట్టు. మీటరు సాధారణంగా తలుపు బయట పక్కనే పెట్టెలో ఉంటుంది. దానిమీద మూత తిప్పి, లోపలి బటన్ గట్టిగా లోపలిదాకా నొక్కి వదులు. ఎర్రలైటు మిణుకుతుంది. మూడు నిమిషాలు ఏదీ వెలిగించకు, మిణుకు ఆగితే గ్యాస్ వచ్చినట్టే. ఇది చదివి ఊరుకోవడం కాదు, దిగిన రోజే పగలు మీటరు ఎక్కడుందో, ఆ బటన్ ఎక్కడుందో చూసుకో. 2011 మార్చి 11న పెద్ద భూకంపానికి రైళ్లన్నీ ఆగితే జనం రాత్రంతా నడిచి ఇళ్లు చేరారు. అందుకే ఆఫీసు బల్ల కింద మెత్తటి బూట్లు ఒక జత పెట్టుకో, నా మాట విను.

వెలుగుండగానే ఇంటికి చేరేలా టిక్కెట్టు తీసుకో. సీలింగుకి సాకెట్టు ఉంటుంది గానీ లైటు ఉండదు, కర్టెన్లూ ఉండవు. మీ ఇంటివైపు వెళ్లే తోజాయ్ మెట్రో లైనులో రాపిడ్ రైలు ఎక్కకు, అది తోయోచో దాటాక మీ నిషికసాయ్‌లో ఆగకుండా ఉరయాసు దాకా లాక్కుపోతుంది. అలా అయితే గేటు దాటకుండా ఎదురు దిక్కుకి వెళ్లే లోకల్ ఎక్కి రెండు స్టేషన్లు వెనక్కి రా.

మీ అమ్మ సర్దే పెట్టె గురించి ఒక మాట. కోడి పచ్చడి, రొయ్యల పొడి అని ముచ్చటపడుతోంది. రొయ్యలు సరే, కోడి పచ్చడి తీసుకెళ్లనివ్వరు, మాంసం పదార్థాలు తనిఖీ పత్రం లేకుండా రానివ్వరు. పచ్చి కరివేపాకు, మామిడికాయలు కూడా వద్దు. ఆవకాయ, కందిపొడి చాలు, నిషికసాయ్‌లో మన దినుసుల కొట్లున్నాయి. మిక్సీ అసలు వద్దు. అక్కడ కరెంటు 100 వోల్టులే, మన 230 వోల్టుల మిక్సీ తిరిగినట్టే తిరుగుతుంది గానీ పప్పు నలగదు. ఫోను చార్జరు మీద 100-240 అని ఉంటే చాలు, రెండు బల్లపరుపు పిన్నుల అడాప్టరు తీసుకో.

కుక్కరు మూడు లీటర్లది చాలు, గ్యాస్కెట్లు రెండు పెట్టుకో. పోపు పెట్టే ముందు చిమ్నీ ఫ్యాన్ వేయి. ఎండుమిరప ఘాటుకి గదిలో పొగ అలారం కూస్తే కంగారుపడకు, దానికి వేలాడే తాడు లాగితే ఆగుతుంది.

గ్యాస్ మనిషి ఏ తేదీన వస్తున్నాడో నాకు మెసేజ్ పెట్టు. ఆ పూట నేను ఫోన్ చేయను, నువ్వు తలుపు దగ్గరే ఉండు.

పిన్ని