మూలికలతో చేసిందైతే నిషేధించలేరా?

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటున్నాం. మా చెల్లెలు బరువు తగ్గడానికి ఆన్‌లైన్‌లో మూలికల క్యాప్సూల్స్ కొని మూడు వారాలు వాడింది. గుండె దడ, బాగా పెరిగిన బీపీతో రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచాల్సి వచ్చింది. కంపెనీకి ఫోన్ చేస్తే, ‘ఇది మందు కాదు, సహజమైన సప్లిమెంట్. ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు, అమ్మకం ఎవరూ ఆపలేరు’ అన్నారు. నిజమేనా?

జవాబు: మీ చెల్లెలు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను. కంపెనీ వాళ్లు చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది. 1994లో వచ్చిన సప్లిమెంట్ల చట్టం వీటిని ఆహారం కింద లెక్కగట్టింది. కొత్త మందు అమ్మాలంటే అది సురక్షితమని, పనిచేస్తుందని కంపెనీయే ముందుగా ఎఫ్‌డీఏకి (అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థకు) నిరూపించాలి. సప్లిమెంట్ల విషయంలో ఇది తలకిందులు. ముందు అమ్మేసుకోవచ్చు, ప్రమాదం ఉందని తర్వాత ప్రభుత్వం నిరూపించుకోవాలి. నా దృష్టిలో ఈ చట్టంలో అతి పెద్ద లోపం ఇదే. ఆ నిరూపణ పూర్తయ్యేలోగా నష్టపోయేది మీ చెల్లెలి లాంటివాళ్లు.

ఇక ‘ఎవరూ ఆపలేరు’ అన్నది అబద్ధం. గన్నేరూ మొక్కే, ఉమ్మెత్తా మొక్కే. సహజం అన్నంత మాత్రాన చట్టం రక్షణ ఇవ్వదు. లేబుల్‌పై రాసినట్టే వాడినా గణనీయమైన ప్రమాదం, లేదా సమంజసం కాని ప్రమాదం ఉంటే ఆ సరుకు కల్తీ ఆహారం కిందకు వస్తుంది. అమ్మకం ఆపించవచ్చు.

ఎఫెడ్రా విషయంలో అదే జరిగింది. చైనా వైద్యంలో మా హువాంగ్ అనే ఈ మొక్కలోని ఎఫెడ్రిన్ గుండె వేగాన్ని, బీపీని పెంచుతుంది. బరువు తగ్గించే మాత్రల్లో దీన్ని విరివిగా వాడేవారు. 1997లో ఎఫ్‌డీఏ మోతాదుకు పరిమితి పెట్టాలని చూసింది. ఆధారాలు చాలవన్న విమర్శలొచ్చి, 2000లో ఆ ప్రతిపాదనలో చాలా భాగం వెనక్కి తీసుకుంది. 2003 ఫిబ్రవరిలో 23 ఏళ్ల బేస్‌బాల్ ఆటగాడు స్టీవ్ బెక్లర్ వడదెబ్బతో చనిపోయాడు. అందులో ఎఫెడ్రా పాత్ర కూడా ఉందని శవపరీక్ష చేసిన వైద్యాధికారి తేల్చారు. అదే ఏడాది ఇల్లినాయిస్ రాష్ట్రం దాన్ని నిషేధించింది. దేశమంతటా నిషేధం 2004 ఏప్రిల్ 12న అమల్లోకి వచ్చింది. చట్టం వచ్చిన పదేళ్లకు!

ఒక కంపెనీ కోర్టుకెళ్లింది. రోజుకు 10 మిల్లీగ్రాములు, అంతకు తక్కువ మోతాదులో ప్రమాదం రుజువు కాలేదని వాదించి 2005లో యూటా జిల్లా కోర్టులో గెలిచింది. 2006లో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ప్రయోజనం కొంచెమే అయినప్పుడు, దానికోసం ఎంత ప్రమాదం భరించవచ్చో ఎఫ్‌డీఏ తూచి చూడవచ్చని చెప్పింది. మీకు పనికొచ్చే తీర్పు ఇదే.

ఇప్పుడు లేబుల్ చూడండి. ఎఫెడ్రిన్ ఆల్కలాయిడ్లు (ఎఫెడ్రిన్, అలాంటి మొక్క రసాయనాలు) ఉన్న సప్లిమెంట్ అయితే దాని అమ్మకమే చట్టవిరుద్ధం. లేబుల్‌పై అవేవీ లేకపోయినా నిశ్చింతగా ఉండొద్దు. గుండెకు ప్రమాదమని 2010లో మార్కెట్ నుంచి తీసేసిన సిబుట్రమిన్ అనే మందును ‘మూలికల’ క్యాప్సూల్స్‌లో దొంగచాటుగా కలిపిన కేసులు ఎఫ్‌డీఏ ఎన్నో బయటపెట్టింది. ల్యాబ్ పరీక్షలో అలాంటిది తేలితే కేసు చాలా సులువవుతుంది. అప్పుడది సప్లిమెంటే కాదు, అనుమతి లేని మందు.

ఎఫ్‌డీఏ సేఫ్టీ రిపోర్టింగ్ పోర్టల్‌లో ఈ రోజే ఫిర్యాదు చేయండి, చికిత్స చేసిన డాక్టరు చేత కూడా చేయించండి. ఒక్క ఫిర్యాదుతో ఏమవుతుందనుకోకండి, ఎఫెడ్రా మీద ఆధారాల్లో ఇలాంటివి ఎన్నో ఉన్నాయి. ఆస్పత్రిలో చేరాల్సి వచ్చిందని తెలిశాక 15 పనిదినాల్లోగా కంపెనీ కూడా ఎఫ్‌డీఏకి చెప్పి తీరాలని 2006 చట్టం అంటోంది. మీరు ఫోన్ చేసిన తేదీ రాసిపెట్టుకుని, అదే విషయం లేబుల్ మీది చిరునామాకు ఉత్తరంగా కూడా పంపండి.

నష్టపరిహారం కోసం వేరే దావా వేయవచ్చు. గడువు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, కొన్నిచోట్ల రెండేళ్లే, కాబట్టి మీ రాష్ట్రంలోని లాయరును ఆలస్యం చేయకుండా కలవండి. మిగిలిన క్యాప్సూల్స్, సీసా, బిల్లు, ఆస్పత్రి కాగితాలు జాగ్రత్త చేయండి. డబ్బు వాపసు ఇస్తాం, సీసా పంపి ఈ కాగితం మీద సంతకం పెట్టండి అని కంపెనీ అడిగితే పంపొద్దు, సంతకమూ పెట్టొద్దు.